రోజుకి ఆరు టన్నులు

నాకు కుళ్ళంటే అసహ్యం లేదు. ఇరవై రెండేళ్లుగా దానితోనే కాపురం చేస్తున్నదాన్ని. పుచ్చిన వంకాయలూ, నల్లబడ్డ అరటితొక్కలూ, బూజుపట్టిన రొట్టెముక్కలూ చూసి ముఖం తిప్పుకునేవాళ్లంటే నాకు నవ్వొస్తుంది. వాటిని ఎండుటాకులతో కలిపి పొరలు పొరలుగా పేర్చి, వారానికోసారి తిరగేస్తూ ఉంటే, పది పన్నెండు వారాల్లో అదంతా నల్లటి ఎరువవుతుంది. గుప్పెట్లోకి తీసుకుంటే వానకు తడిసిన మట్టి వాసన తప్ప ఇంకేమీ రాదు. అసహ్యమంటే ఏమిటో నాకు తెలిసింది ఒక బుధవారం పొద్దున, మా కంపోస్టు యార్డు గేటు దగ్గర ఆగిన లారీలోకి తొంగి చూసినప్పుడు.

అందులో ఉన్నవి క్యాబేజీలు. నాలుగు టన్నులు. గట్టిగా, బరువుగా, పొలం తడి ఇంకా ఆరకుండా ఉన్నాయి. ఏ హోటలువాడికి చూపించినా కళ్లకద్దుకుని తీసుకునే సరుకు.

"దారి తప్పినట్టున్నావు బాబూ, మార్కెట్టు అటు" అన్నాను డ్రైవరుతో.

"అడ్రసు ఇదేనమ్మా. మీ మేనేజరు గారే పంపమన్నారు. మార్కెట్లో కంటే ఇక్కడే రేటు ఎక్కువట, రైతు తెగ సంతోషపడిపోయాడు" అన్నాడు వాడు నవ్వుతూ.

లోపలికి వచ్చే ప్రతి బండినీ చూసి స్లిప్పు మీద సంతకం పెట్టడం నా పని. స్లిప్పులో బరువుకొక గడి, రకానికొక గడి. వాటి కింద, 'తినడానికి పనికిరానిదని ధ్రువీకరిస్తున్నాను' అని అచ్చు వేసిన ఒక వాక్యం. దాని కింద నా సంతకం పడితేనే ఆ బరువు లెక్కలోకి వస్తుంది. గ్రాంటు ఇచ్చినవాళ్లు పెట్టిన షరతు అది. మంచి షరతే. చెత్త పేరుతో ఎవరూ తిండి పారబోయకూడదని పెట్టారు.

నేను పెన్ను తీయలేదు. లారీ వెనక ఇంకో రెండు బండ్లు ఆగాయి. మేనేజరు తానే నడుచుకుంటూ వచ్చాడు. సెంటు చల్లిన రుమాలు ముక్కు దగ్గర లేకుండా ఆ మనిషిని యార్డులో ఎవరూ చూడలేదు. అందుకే అతన్ని అందరం రుమాలు సారంటాం.

"సంతకం పెట్టమ్మా, బండ్లు ఆగిపోయాయి."

"ఏమని పెట్టను సార్? వీటిల్లో ఏదైనా తీసి ఇప్పుడే తరిగి పొయ్యి మీద పెట్టొచ్చు. తినడానికి పనికిరావని ఎలా పెడతాను?"

"వీటిని ఎవరైనా తింటున్నారా?"

"లేదు."

"పనికొచ్చేవైతే ఎవరో ఒకరు తినేవాళ్లుగా. తినట్లేదంటే పనికిరానట్టేగా" అన్నాడు రుమాలు వెనక నుంచి. "మూడు నెలల సరాసరి తగ్గిందంటే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? ఆరు టన్నులని చెప్పింది ఎవరు? నేనా?"

నేను సంతకం పెట్టాను.

ఇందులో నా పాపం ఎంతో ఇక్కడే చెప్పేస్తాను. దాచి లాభం లేదు.

యార్డు రాకముందు కూరగాయల మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో నేనొక్కదాన్నే ఎరువు చేసేదాన్ని. మార్కెట్టు మూసేవేళకు మిగిలిన ఆకూ అలమూ ఎత్తుకొచ్చి కుప్ప వేసేదాన్ని. తయారైన ఎరువు మొక్కలు పెంచేవాళ్లు తీసుకెళ్లేవాళ్లు. పదకొండేళ్ల క్రితం మా తమ్ముడు పోయాక మా మరదలు నాతోపాటు షెడ్డులోకి వచ్చింది. ఇద్దరాడపిల్లల్ని ఇంట్లో వదిలి, చెత్తలోంచి ప్లాస్టిక్కూ గాజుముక్కలూ ఏరే పని పట్టింది. ఆమె నోరు మూస్తే ఊపిరాడదేమో అనిపిస్తుంది. ఏరుతూ మాట్లాడుతుంది, తింటూ మాట్లాడుతుంది, నిద్రలో కూడా ఎవరినో ఏదో అడుగుతూ ఉంటుంది.

అలా ఉండగా, దరఖాస్తులు రాసిపెట్టే మనిషి ఒకడు ఫైలు పట్టుకుని మా షెడ్డుకి వచ్చాడు. తడి చెత్త నుంచి ఎరువు చేసేవాళ్లకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందట. మా షెడ్డు చోట పెద్ద యార్డు కడతారట, మా ఇద్దరికీ నెల జీతాలట. "రోజుకి చెత్త ఎంత వస్తుందో ఒక్క వారం తూచి చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆ వారమంతా వాన. పైగా కాలీఫ్లవరు దిగే రోజులు. పువ్వు చుట్టూ ఉన్న ఆకులూ కాడలూ కొట్టేసి అక్కడే పడేసేవాళ్లు. వాటిని తడిసిన గోనెసంచుల్లో కుక్కి, నీళ్లు కారుతుండగానే కాటా మీద పెట్టాను. తడిసిన ఆకు తూకం తూకమే కాదని ఈ పనిలో ఉన్నవాళ్లెవరికైనా తెలుసు. ఒక పూట నీడన ఆరబెట్టి, నీళ్లు ఓడ్చి తూయాలి. నాకూ తెలుసు. కానీ కాటా ముల్లు అలా పైకి పోతుంటే నా మనసు కూడా పైకి పోయింది. అన్నేళ్లూ ఎవరూ లెక్కచేయని నా చెత్తకి ఎవరో ఒక అంకె అడుగుతున్నారు. చిన్న అంకె చెప్పడానికి నోరు రాలేదు.

"రోజుకి ఆరు టన్నులు" అన్నాను. అతను రాసుకున్నాడు.

అసలు వచ్చేది మూడు. ఎండలు ముదిరితే రెండున్నర. ఆ ఆరు మీదే షెడ్లు కట్టారు, లోడరు కొన్నారు, ముప్పై ఒక్కమందిని పెట్టుకున్నారు. రోజు సరాసరి ఆరు టన్నుల కంటే తగ్గితే గ్రాంటు ఆగిపోతుంది, ఇచ్చింది వెనక్కి కట్టాలి, యార్డు మూసేయాలి. నోటితో అన్న ఒక్క మాటకి ఉద్యోగాలూ గోడలూ మొలిచాయి.

మొదట్లో రుమాలు సారు నీళ్లు పెట్టించాడు. చెత్త బండి కాటా ఎక్కే ముందు పైపుతో తడిపేవాళ్లు. నా తప్పునే నాకు నేర్పుతున్నట్టుండేది. నీళ్లకి కుప్పలు పులిసిపోయాయి. అయినా నాలుగు టన్నులు దాటలేదు. అప్పుడు క్యాబేజీలు మొదలయ్యాయి.

కాయలు కాయలుగా కుప్పలో వేస్తే త్వరగా చివకవు. అందుకని ముందు సిమెంటు గచ్చు మీద పోసి, లోడరుతో వాటి మీద అటూ ఇటూ తొక్కించేవాళ్లు. ఆ చప్పుడు నేను వర్ణించలేను. తాజా క్యాబేజీని ఎప్పుడైనా చేత్తో విరిచారా? ఆ చప్పుడే, వేల కాయలది, ఒక్కసారిగా. తెల్లటి ముక్కలు చక్రాలకు అంటుకుని తిరిగేవి. లోడరు డ్రైవరు రెండో రోజునుంచి చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. ఇంజను చప్పుడుకి అన్నాడు గానీ, ఇంజను చప్పుడు అంతకుముందూ ఉంది.

తర్వాత కంపు మొదలైంది. ఎండుటాకులు తగినన్ని లేకుండా వట్టి క్యాబేజీ పేరిస్తే కుప్ప లోపల వేడెక్కదు, మురుగుతుంది. కింద నుంచి నల్లటి జిగురునీళ్లు కారి కాలవలోకి పోయేవి. ఎదురు వీధివాళ్లు కిటికీలు మూసుకున్నారు. గేటు మీద పచ్చటి ఆకుల బొమ్మ వేసి 'చెత్త నుంచి సిరి' అని రాయించిన బోర్డు. దాని కింద నుంచి ముక్కులు మూసుకుని నడిచిపోయే జనం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే మా యార్డే. ఇరవై రెండేళ్లలో నేను వేసిన ఏ కుప్పా అలా కంపు కొట్టలేదు. ఆ కంపు నా చేతులకూ, నా జుట్టుకూ పట్టింది. సబ్బు ఎంత అరగదీసినా పోలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

పట్టుబడింది మా మరదలు.

సోమవారం సాయంత్రం పని దిగి వెళ్లేటప్పుడు కాపలావాడు సంచులు చూశాడు. పలుగూ పారా ఎవరూ ఎత్తుకుపోకుండా అప్పుడప్పుడూ చూస్తుంటాడు. ఆమె సంచిలో టిఫిను డబ్బా కింద ఒక క్యాబేజీ దొరికింది. ఒక్కటే. అతను నవ్వేసి వదిలేసేవాడే. కానీ రుమాలు సారు అప్పుడే కారెక్కబోతూ చూశాడు.

అర్ధగంటలో కాగితం తయారైంది. 'యార్డు సరుకు అపహరణ.' ఆమెను పనిలోంచి ఆపేశారు. క్యాబేజీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, తేదీ రాసిన చీటీ అంటించి, ఆఫీసు బీరువా మీద పెట్టారు. సాక్ష్యమట! నన్ను లోపలికి పిలిచి సాక్షి సంతకం పెట్టమన్నాడు.

"చెత్త దొంగతనమేమిటి సార్? ఎవరైనా వింటే నవ్వుతారు."

"కాటా ఎక్కినాక అది చెత్త కాదు, గ్రాంటు సరుకు. ఒక్క కాయ తగ్గినా లెక్క తప్పినట్టే."

"పాతిక టన్నుల నీళ్లు కలిపినప్పుడు తప్పని లెక్క ఒక్క కాయకి తప్పిందా?"

అతను రుమాలు దించాడు. అతని ముక్కు పూర్తిగా చూడటం నాకదే మొదటిసారి. మామూలు ముక్కే.

"చూడమ్మా, నీకర్థమయ్యేలా చెబుతాను. ఇవాళ ఒకతి తీసుకెళ్తుంది. రేపు ముప్పైమందీ సంచుల్లో క్యాబేజీలు వేసుకుని వీధిలో నడుస్తారు. కంపోస్టు యార్డులో ఇంత మంచి కూరగాయలు ఎక్కడివని ఊరు అడగదా? శుక్రవారం గ్రాంటు ఆఫీసు నుంచి తనిఖీకి మేడం వస్తోంది. ఇక్కడ పద్ధతీ పాడూ ఉందని ఆవిడకి చూపించాలి. అప్పటిదాకా ఆలోచించుకో."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారే, అలా ఉంది అతని పని. తన భుజాలకున్న బూడిద దులిపి మా మరదలి భుజాల మీద పోస్తున్నాడు.

రికార్డులో దొంగతనం ఎక్కితే అది ఈ యార్డుతో పోదు. ఊళ్లో ఊడ్చే పనైనా, ఆసుపత్రిలో కడిగే పనైనా, కాంట్రాక్టర్లందరూ ఒకరి పేర్ల జాబితా ఒకరు చూసుకుంటారు. అందులో ఎర్ర గీత పడినవాళ్లను గుమ్మం ఎక్కనివ్వరు. పెద్దపిల్ల నర్సు చదువు మొదలుపెట్టి ఆరు నెలలు కాలేదు. అక్కడ కూడా ఇంటి వాళ్ల సంగతులు అడిగే ఫారం ఒకటి ఉంటుంది.

మాది ఒకటే ఇల్లు, మధ్యలో ఒక తలుపు. నేను వెళ్లేసరికి ఆమె బియ్యం కడుగుతోంది.

"ఎందుకు తీశావే? ఇంట్లో కూరగాయలు లేవా?"

"ఎందుకు లేవు వదినా, బుట్ట నిండా ఉన్నాయి. తినడానికి కాదు. అది దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. లోడరు ఇటే వస్తోంది. తీసి పక్కన పెట్టాను. లోడరు అటు తిరిగింది. మళ్లీ తీసి ఇటు పెట్టాను. మూడోసారి ఇంకెక్కడ పెట్టాలో తోచలేదు. సంచిలో పెట్టాను" అంది. "అంత చక్కగా ఉంది వదినా. చంటిపిల్ల తలకాయంత. ఎవరో నీళ్లు పెట్టి పెంచారుగా దాన్ని."

"నేను శుక్రవారం ఆ మేడంతో చెప్పేస్తాను. అన్నీ. నా ఆరు టన్నులతో సహా."

"నీకేమైనా పిచ్చా? చెప్తే యార్డు మూస్తారు. ముప్పైమంది నోట్లో మట్టి కొడతావా? నీ నోట్లోనూ పడుతుంది. నన్ను దొంగంటే అననీ. నాలుగు రోజులు ఏడుస్తాను, ఐదో రోజు వాళ్లను తిడతాను, ఆరో రోజు మర్చిపోతాను."

"పిల్లలకేం చెబుతావు?"

ఆమె బియ్యం గిన్నెలో చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. మా మరదలు మాట్లాడకుండా ఉండటం మా తమ్ముణ్ని సాగనంపిన రోజు తర్వాత మళ్లీ అప్పుడే చూశాను.

శుక్రవారం వచ్చిన మేడంని చూస్తే నాకు ధైర్యం వచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకోలేదు. పాత బూట్లు వేసుకొచ్చింది. రుమాలు సారు పూలకుండీల వైపు తీసుకెళ్లబోతే, "ముందు కుప్పలు చూద్దాం" అంది. మూడో కుప్ప దగ్గర చొక్కా చేతులు పైకి మడిచి మోచేతి దాకా లోపలికి పెట్టింది. బయటికి తీసి వాసన చూసుకుంది.

"వేడి లేదే. గాలాడట్లేదు. ఇందులో పొడి ఆకు ఎంత కలుపుతున్నారు?" అని నన్నే అడిగింది.

"సరిపోనంత మేడం" అన్నాను. ఆమె నా వైపు ఒక క్షణం ఎక్కువ చూసింది. ఈ మనిషికి పని తెలుసు, ఈ మనిషికి చెబితే అర్థమవుతుంది అనుకున్నాను. ఆ పావుగంటా నాకు ఎంత ఆశ పుట్టిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆఫీసు గదిలో టీలు తెచ్చి పెట్టారు. మా మరదలిని పిలిపించి తలుపు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. రుమాలు సారు రిజిస్టర్లన్నీ చూపించి, చివరికి బీరువా మీది కవరు దింపి బల్ల మీద పెట్టాడు. నాలుగు రోజులకి పై ఆకు పసుపెక్కింది. కవరు లోపల ఆవిరి పట్టింది.

"మా దగ్గర ఒక్క కాయ కూడా బయటికి పోదు మేడం. పోతే ఊరుకోం. ఇదిగో, మనిషిని కూడా ఆపేశాం. ఈమె సాక్షి సంతకం పెట్టాలి, అంతే."

నేను పెన్ను తీసుకోలేదు. కవరు చించాను. పసుపెక్కిన ఆకు రెండు పొరలు ఒలిచి పడేశాను. మూడో పొర లేత పచ్చగా ఉంది. నాలుగోది తెల్లగా మెరిసింది. ఆ ఆకు తెంపి చేతిలో పట్టుకున్నాను.

"మేడం, ఇది నాలుగు రోజులుగా ఈ గదిలో ఉంది. ఇప్పటికీ ఇవాళ సాయంత్రం కూరకి పనికొస్తుంది. ఇలాంటివి వారానికి ఇరవై టన్నులు డబ్బిచ్చి కొని లోడరుతో తొక్కిస్తున్నాం. స్లిప్పుల మీద పనికిరావని సంతకం పెట్టింది నేనే. ఊళ్లో వచ్చే చెత్త మూడు టన్నులే. వానలో తడి సంచులు తూచి ఆరని చెప్పింది కూడా నేనే. ఏం చేసినా నన్ను చెయ్యండి. ఈమె మాత్రం దొంగ కాదు."

అన్నాను. ఇరవై రెండేళ్లలో అన్ని మాటలు ఒక్కసారిగా ఎవరి ముందూ అనలేదు. రుమాలు సారు ముఖం పాలిపోయింది. బయట బల్ల కిర్రుమంది. మా మరదలు లేచి నిలబడిందని తెలిసింది.

మేడం కోపగించుకోలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. టీ గ్లాసు పక్కకి జరిపి నిట్టూర్చింది.

"ధైర్యంగా చెప్పారమ్మా. ఈ సంవత్సరం నేను చూసిన యార్డులు తొమ్మిది. అందులో ఏడింటిలో ఇదే. ఒకచోట పొద్దున కాల్చిన రొట్టెలు. ఇంకోచోట పాలు, డబ్బాలకి డబ్బాలు. వాటితో పోలిస్తే మీ క్యాబేజీలే నయం."

ఆ 'నయం' అన్న మాట విని నాకు ఒళ్లంతా జలదరించింది. పుండు మీద ఈగని చూసి డాక్టరు మామూలేనంటే ఎలా ఉంటుంది?

"మరి రాయండి మేడం" అన్నాను.

"రాస్తే ఏమవుతుందో తెలుసా? యార్డు మూత పడుతుంది. ఊళ్లో నిజంగా వచ్చే మూడు టన్నులూ మళ్లీ కాలవల్లోకే పోతాయి. అది మీకిష్టమా?"

"ఇష్టం కాదు. మూడని రాయండి. మూడుకే నడపండి. మంచి ఎరువు చేసి చూపిస్తాను."

"మూడుకి ఈ పథకంలో చోటు లేదమ్మా. ఆరు నుంచే మొదలు" అంది. ఎంతో మృదువుగా అంది. నాకు ఆ మృదుత్వమే గొంతు దిగలేదు. తిట్టినా బాగుండేది.

ఆమె ఆ రోజు స్లిప్పు తీసి నా ముందు పెట్టింది. తర్వాత దొంగతనం కాగితం దాని పక్కన పెట్టింది.

"నేను రెండింట్లో ఒకటే నమ్మగలను. స్లిప్పు మీద మీరు పెట్టిన సంతకం నిజమైతే, ఈ సరుకు తినడానికి పనికిరాదు, దీనికి విలువ లేదు. విలువలేనిది తీస్తే దొంగతనం కాదు. ఈ కాగితం ఇప్పుడే చించేస్తాను, ఆమె సోమవారం పనిలోకి వస్తుంది. మీ సంతకం అబద్ధమైతే, ఆమె మంచి సరుకు దొంగిలించింది. ఆమె మీదా మీ మీదా కేసు, యార్డుకి తాళం. మీరే చెప్పండి. ఏది రాయమంటారు?"

తలుపు దగ్గర మా మరదలు నిలబడి ఉంది. ఆమె వెనక ఏరుడు పని ఆడవాళ్లు ఇద్దరు, లోడరు డ్రైవరు, కాపలావాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నా చేతిలో తెల్లటి ఆకు ఉంది. చల్లగా, తేమగా, కాడ విరిచినచోట పాల చుక్కంత నీరు ఊరుతోంది.

"పనికిరాదు" అన్నాను.

"సరిగ్గా వినపడలేదు."

"తినడానికి పనికిరాదు మేడం. నా సంతకం నిజమే."

ఆమె కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. నా చేతిలో ఆకు ఏం చేయాలో నాకు తెలియలేదు. అదే బుట్టలో వేశాను.

"ఒక్కటి మాత్రం రాయక తప్పదు" అంది ఆమె రుమాలు సారుతో. "గచ్చు మీద పూర్తి కాయలు గుర్తుపట్టేలా పడి ఉన్నాయి. ఎవరైనా ఫోటో తీస్తే బాగుండదు. ముక్కలు చేసే మిషనుకి అదనపు గ్రాంటు ఉంది. సిఫారసు చేస్తాను. గేటు దగ్గరే పెట్టించండి."

తిలా పాపం తలా పిడికెడు. ఆ రోజు నా పిడికిలి నిండిన మాట నిజం. పైగా మిగతావాళ్లందరూ నన్ను పొగిడారు. అంత గట్టిగా నిలబడి మరదలిని కాపాడుకుందన్నారు. మేడంని మెప్పించి మిషను కూడా రప్పించిందన్నారు. లోడరు డ్రైవరు నా చేతులు పట్టుకున్నాడు. ఇక తాను తొక్కించక్కర్లేదని అతని సంతోషం. అతన్ని తప్పుపట్టలేను. రుమాలు సారు నాకు ఒక కుర్చీ ఇప్పించాడు, గేటు దగ్గర కూర్చుని సంతకాలు పెట్టుకోవడానికి.

మిషను ఆరు వారాల్లో వచ్చింది. నీలం రంగు, మనిషెత్తు, పైన పెద్ద గరాటు. గరాటులో కాయలు వేయడానికి ఒక మనిషి కావాలి. ముక్కలైన చెత్తలోంచి ప్లాస్టిక్కు ఏరడం కుదరదు గనక ఏరేవాళ్ల అవసరం తగ్గింది. మా మరదలి ఉద్యోగం పోకూడదని మేడం రాసిపెట్టింది గనక, ఆమెనే అక్కడ నిలబెట్టారు.

మొదటి రోజు లారీ ఖాళీ చేశాక ఆమె కాయల్ని ఎత్తి చూసి రెండు కుప్పలు చేసింది. పురుగు పట్టినవి, పగిలినవి ఒకవైపు. మంచివి ఇంకోవైపు. ముందు పగిలినవి వేసింది. నిదానంగా, ఒక్కొక్కటే. మంచివాటి దగ్గరికి వచ్చేలోపు పని గంట కొడుతుందని ఆశ పడిందేమో. గంట కొట్టేలోపు కాపలావాడు వచ్చి, గరాటు ఖాళీ ఉండకూడదట, సారు చెప్పమన్నారు అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. కానివ్వమని తల ఊపాను.

ఆమె మంచి కాయ ఒకటి రెండు చేతులతో ఎత్తి గరాటులో వేసింది. తర్వాత ఇంకొకటి. మిషను కింద తొట్టిలో తెల్లటి తరుగు పడటం మొదలైంది. పొడుగ్గా, సన్నగా, అన్నీ ఒకే కొలత. ఆమె వంగి ఒక గుప్పెడు తీసి నా దగ్గరికి తెచ్చి చూపించింది.

"చూశావా వదినా" అంది. "ఇంట్లో కూరకి నేనెప్పుడూ ఇంత సన్నగా తరగలేదు."

నవ్వుతూనే అంది. మళ్లీ వెళ్లి దాన్ని జాగ్రత్తగా, కింద ఒక్క పోగు కూడా పడకుండా తొట్టిలోనే పోసింది. గేటు దగ్గర కాపలావాడు ఇటే చూస్తున్నాడు. నేను స్లిప్పు మీద బరువు వేసి, కింద సంతకం పెట్టి, తర్వాతి లారీని లోపలికి రమ్మన్నాను.